పా కొట్లో ఖావ్ సోయ్ నేర్చుకున్న ఆదివారాలు

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ వచ్చిన రెండో వారం అది. మా వారి ఉద్యోగం కోసం వచ్చాం. నాకింకా ఊరు తెలీదు, భాష రాదు, ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఊరికే నడుస్తూ ఉండేదాన్ని. పింగ్ నదికి తూర్పు గట్టున ఫా హామ్ అని ఒక పేట ఉంది. ఖావ్ సోయ్‌కి, అంటే కొబ్బరిపాల పులుసులో వేసిచ్చే నూడుల్స్‌కి, అది పేరుమోసిన చోటు, పెద్ద పెద్ద హోటళ్ళున్నాయి, మధ్యాహ్నం పూట వాటి ముందు కార్లు బారులు తీరి ఉంటాయి. నేను ఆగింది మాత్రం పక్క సందులో రేకుల షెడ్డు కింద ఆరు బల్లలున్న ఒక చిన్న కొట్టు ముందు. లోపల్నించి కొబ్బరిపాలు, ఎండుమిర్చి, పసుపు కలిసి ఉడుకుతున్న వాసన వస్తోంది. ఆ వాసన నాకు తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట తెలుసు.

మాది విశాఖపట్నం. కంచరపాలెం వైపు బర్మా క్యాంప్ అని ఒక పేట ఉంది, చాలామందికి తెలిసే ఉంటుంది. 1962లో బర్మాలో సైన్యం అధికారంలోకి వచ్చాక అక్కడి వ్యాపారాలన్నీ ప్రభుత్వం లాగేసుకుంటే, తరాలుగా రంగూన్‌లో బతికిన మనవాళ్ళు ఓడలెక్కి తిరిగొచ్చేశారు. అలా వచ్చినవాళ్ళు స్థిరపడిన పేట అది. మా చిన్నప్పుడు మా వీధిలో ఒకావిడ ఉండేవారు, అందరం రంగూన్ మామ్మగారు అనేవాళ్ళం. ఏ పండక్కో కాదు, వాన పడితే, మనసు బాగుంటే, ఆవిడ కౌసే అని ఒకటి చేసేవారు. కొబ్బరిపాలలో శనగపిండి కలిపి చిక్కగా కాచిన కోడి పులుసు, దాన్లో నూడుల్స్, పైన ఉడకబెట్టిన గుడ్డు, వేయించిన నూడుల్స్, నిమ్మకాయ. స్టీలు గిన్నె పట్టుకుని వెళ్ళి అరుగు మీద కూర్చుని తినేవాళ్ళం. మామ్మగారు పోయాక మళ్ళీ ఎక్కడా తినలేదు. ఇంత కథా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజు ఆ రేకుల షెడ్డు ముందు నేను ఎందుకు కదల్లేకపోయానో దీంతో తప్ప చెప్పలేను.

లోపలికెళ్ళి వేలు చూపించి ఒక గిన్నె అడిగాను. 50 బాత్. పసుపూ ఎరుపూ కలిసిన పులుసు, దాని మీద తేలుతున్న ఎర్ర నూనె బొట్లు, అడుగున పలకల్లాంటి గుడ్డు నూడుల్స్, ఒక కోడి కాలు, పైన కరకరలాడే వేయించిన నూడుల్స్ గుప్పెడు. పక్కన ఒక చిన్న పళ్ళెంలో ఊరబెట్టిన ఆవకూర ముక్కలు, తరిగిన చిన్న ఎర్ర ఉల్లిపాయలు, నిమ్మచెక్క. బల్ల మీద సీసాలో నల్లగా కనిపించే నూనె కారం. నేను ఆ పళ్ళెం సలాడ్ లాంటిదనుకుని పక్కన పెట్టి, పులుసూ నూడుల్స్ తినడం మొదలుపెట్టాను. బాగానే ఉంది, కానీ నాలుగు చెంచాలకే కొబ్బరి జిడ్డు నోటికి మొహం మొత్తింది.

కొట్టావిడ పొయ్యి దగ్గర్నించి చూస్తున్నారనుకుంటాను. వచ్చి, ఏమీ అడక్కుండా, నా గిన్నెలో నిమ్మచెక్క పిండారు. ఉల్లిపాయలూ ఆవకూరా మొత్తం వంచేశారు. అర చెంచా నల్ల కారం వేసి అడుగునుంచి కలిపి, తిను అన్నట్టు గడ్డం పైకెత్తారు. తిన్నాను. అదే గిన్నె, అదే పులుసు, కానీ వేరే వంట. పులుపు జిడ్డుని కోసేసింది, ఆవకూర ఉప్పదనం కోడి ముక్కకి పట్టింది, ఉల్లి పచ్చివాసన పసుపు వాసన మీదకి లేచింది. ఖావ్ సోయ్ సగం వంట పొయ్యి మీద, మిగతా సగం బల్ల మీద అవుతుందని ఆ పూటే తెలిసింది. ఇక్కడికొచ్చే మనవాళ్ళు చాలామంది ఆ పళ్ళేన్ని ముట్టుకోకుండా "కొబ్బరి ఎక్కువైంది" అని వదిలేసి వెళ్ళడం తర్వాత కూడా చూశాను. దయచేసి అలా చెయ్యకండి.

అప్పటినుంచి వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. ఆవిడని అందరూ పా అంటారు, థాయ్‌లో పెద్దమ్మ అని. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను నూ అంటారు, పెద్దవాళ్ళు పిల్లల్ని ముద్దుగా పిలిచే మాట.

ఇంట్లో చేద్దామని మొదలుపెట్టాను. సూపర్‌మార్కెట్‌లో తయారు ముద్ద దొరుకుతుంది, కొబ్బరిపాల డబ్బా దొరుకుతుంది. రెండూ తెచ్చి కాచాను. తెల్లగా, పలచగా, పాయసానికి కారం వేసినట్టు వచ్చింది. రెండోసారి మామ్మగారి పద్ధతి గుర్తొచ్చి శనగపిండి కలిపాను. చిక్కబడింది, కానీ పా కొట్లో పులుసు ఇలా గరిటెకి అంటుకోదు, పలచగానే ఉండి బరువుగా ఉంటుంది. మూడోసారి కూడా కుదరక, ఫోన్లో ఫోటో తీసి పట్టుకెళ్ళి చూపించాను. పా ఫోటో చూసి, తెల్లటి చోట వేలు పెట్టి, "మాన్ మై తేక్" అన్నారు. వాళ్ళ అమ్మాయి కాలేజీలో చదువుతుంది, కాస్త ఇంగ్లీషు వచ్చు. నూనె విరగలేదు అంటోంది అమ్మ, అని చెప్పింది. ఎందుకు విరగలేదు, ఏం చెయ్యాలి అంటే, తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఏదో మాట్లాడుకుని, చివరికి ఆ అమ్మాయి, "ఆదివారం పొద్దున అయిదున్నరకి రండి అక్కా, మార్కెట్ నుంచి మొదలుపెట్టాలట" అంది.

నవంబరు చివర్లో ఇక్కడ తెల్లవారుజామున బాగానే చలేస్తుంది. వరోరోత్ మార్కెట్‌ని ఈ ఊరివాళ్ళు కాద్ లువాంగ్ అంటారు, పెద్ద సంత అని. దాని దగ్గర్లో ఒక కొబ్బరి కొట్టు. కాయ కొట్టి, చిప్పలోంచి కొబ్బరి తీసి, కోరి, మిషన్లో వేసి అక్కడికక్కడే పిండిస్తారు. నీళ్ళు కలపకుండా మొదట పిండిన చిక్కటి పాలని హువా కతి అంటారు, హువా అంటే తల. నీళ్ళు పోసి మళ్ళీ పిండిన పలచటి పాలు హాంగ్ కతి, హాంగ్ అంటే తోక. మనం మొదటి పాలు, రెండో పాలు అంటాం కదా, వీళ్ళు తలా తోకా అంటారు. రెంటినీ వేరువేరు ప్లాస్టిక్ సంచుల్లో పోసి రబ్బరు బ్యాండు బిగించి ఇచ్చారు. సంచి ఇంకా గోరువెచ్చగా ఉంది. నా డబ్బా పాలు ఎందుకు విరగలేదో అప్పుడు తెలిసింది. డబ్బాల్లో వచ్చే చాలా పాలలో నీరూ నూనే విడిపోకుండా ఏదో ఒకటి కలుపుతారు. విడిపోకూడదని చేసినదాన్ని ఎంతసేపు కాచినా విడిపోదు. పచ్చి పాలకి ఆ బాధ లేదు, కానీ ఎండెక్కితే కొన్ని గంటల్లోనే పులిసిపోతాయి, అందుకే ఆ పొద్దున పరుగు.

తర్వాత ముద్ద. మట్టి కుంపట్లో బొగ్గులు రాజేసి, చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, అల్లం, పసుపు కొమ్ములు తొక్కతోనే కాల్చారు. పైన నల్లబడాలి, లోపల మెత్తబడాలి. పెద్ద ఎండుమిర్చి గింజలు తీసి విడిగా వేయించారు. రంగు బాగా ఇచ్చి కారం తక్కువ ఉండే రకం, మన బ్యాడిగి మిరపకాయలా. ధనియాలు, ఇంకా ఒక ముదురు గోధుమ రంగు కాయ, జాజికాయంత ఉంటుంది, చితక్కొడితే పొగ వాసన, కర్పూరం వాసన కలిసి వస్తాయి. చ కో అంటారు. మన పెద్ద యాలకులకి దూరపు చుట్టం, చైనాలోని యునాన్ వైపు నుంచి వచ్చిన దినుసు. గింజలు మాత్రం వేయించి వేస్తారు.

రాతి రోలు నా ముందు పెట్టి పచ్చడిబండ చేతికిచ్చారు పా. ఇది నాకు వచ్చిన పనే, రోటి పచ్చడి నూరే ఇంట్లో పుట్టాను, గబగబా మొదలుపెట్టాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపారు. ముందు పొడి దినుసులు ఉప్పుతో నలగాలి, తర్వాత మిరపకాయలు పూర్తిగా నలగాలి, అప్పుడు మాత్రమే తడివి వెయ్యాలి. మిరప తొక్క ఒక్క పొట్టు కనిపించినా మళ్ళీ దంచమనేవారు. మొదటి ఆదివారం నలభై నిమిషాలు దంచాను, చెయ్యి వాచింది. పచ్చడిలో పలుకు ఉంటే రుచి, ఇక్కడ పలుకు ఉంటే పులుసులో అడుక్కి దిగిపోతుంది, అదీ తేడా.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి, నలుగురికి సరిపడా నేను రాసుకున్న లెక్క ఇది: పది పెద్ద ఎండుమిర్చి, ఎనిమిది చిన్న ఉల్లిపాయలు, ఎనిమిది వెల్లుల్లి రేకలు, బొటనవేలంత అల్లం, అందులో సగం పచ్చి పసుపు కొమ్ము, రెండు చెంచాల ధనియాలు, ఒక చ కో కాయ, అది దొరక్కపోతే ఒక పెద్ద యాలక్కాయ. చివర్లో ఒక చెంచా కూర పొడి, ఇక్కడ పోంగ్ కరి అని అమ్ముతారు, పసుపు రంగు పొడి.

ఇప్పుడు అసలు సంగతి. బాణలిలో తల పాలు రెండు గరిటెలు పోసి మధ్యస్థంగా మంట పెట్టారు. నూనె వెయ్యలేదు. కాసేపు మామూలుగా పాలు పొంగినట్టు పెద్ద పెద్ద బుడగలు. పా చెయ్యి పెట్టనివ్వలేదు, వినమన్నట్టు చెవి మీద వేలు పెట్టారు. నిజంగానే చప్పుడు మారింది. ముందు బుడబుడమన్నది, నీరు తగ్గేకొద్దీ బుడగలు చిన్నవై, ఉన్నట్టుండి సన్నగా చిటపటలాడటం మొదలైంది, పోపు వేసినప్పటి చప్పుడు. వంచి చూస్తే పాలు పెరుగు తరకల్లా విడిపోయి అంచుల వెంట తేటగా నూనె. దాన్లో ముద్ద వేశారు. రెండు నిమిషాలు వేయించి, మళ్ళీ ఒక గరిటె పాలు, మళ్ళీ విరిగేదాకా, మళ్ళీ ఒక గరిటె. మూడోసారికి నూనె తేటగా కాదు, ఎర్రగా తేలింది, మిరపకాయ రంగంతా దాన్లోకి దిగింది. మా అమ్మ గుత్తివంకాయ కూర చేసేటప్పుడు "నూనె తేలిందా?" అని వంద సార్లు అడిగేది. అదే మాట. కాకపోతే అక్కడ మనం పోసిన నూనె మనకి తిరిగొస్తుంది, ఇక్కడ కొబ్బరి తన నూనె తానే ఇస్తుంది.

ఆ ముద్దని పెద్ద డేగిసాలోకి మార్చి, కోడి కాళ్ళు వేసి కలియబెట్టి, తోక పాలూ, కోడి ఎముకల నీళ్ళూ పోసి సన్న మంట మీద వదిలేశారు. సోయా సాస్ లేతది, ముదురుది రెండూ, కాస్త తాటి బెల్లం. కాలు ఎముక నుంచి జారిపోకూడదు, కానీ చెంచాతో తాకితే విడిపోవాలి. ముప్పావు గంట పట్టింది. మంట పెంచితే పైన తేలిన ఎర్ర నూనె మళ్ళీ పాలలో కలిసిపోయి పులుసు బూడిద రంగుకి తిరుగుతుంది. రెండో ఆదివారం ఆ పని నేనే చేశాను. పా ఏమీ అనలేదు, ఇంకో బాణలిలో కొంచెం ముద్ద, తల పాలు వేసి మళ్ళీ నూనె తీసి పైన పోసి సరిచేశారు. నాకు మాత్రం ఆ రోజంతా మనసు మనసులో లేదు, ఆవిడ అమ్ముకునే సరుకు కదా.

నూడుల్స్ దగ్గర ఇంకో పొరపాటు. పచ్చి గుడ్డు నూడుల్స్ అంటుకోకుండా పిండి చల్లి అమ్ముతారు. వేయించే ముందు ఆ పిండి దులపాలి. నేను దులపకుండా నూనెలో వేస్తే నురగ పొంగి పొయ్యి మీదకి వచ్చింది, పిండి మాడి నూనె మొత్తం చేదెక్కింది. ఆ నూనె పారబోయాల్సి వచ్చింది. డబ్బులిస్తానంటే పా తీసుకోలేదు, కొత్త నూనె పోసి మళ్ళీ నా చేతికే జాలి గరిటె ఇచ్చారు. నాలుగు వేళ్ళతో పట్టినంత తీసుకుని, విదిలించి, గూడులా విప్పి వేస్తే క్షణాల్లో ఉబ్బి పైకొస్తాయి, రంగు రావడం మొదలవగానే తీసెయ్యాలి, బయటికొచ్చాక కూడా ఇంకో ఛాయ ముదురుతాయి. ఉడకబెట్టేవి తీగబుట్టలో వేసి మరిగే నీళ్ళలో ముంచి, నలభై అంకెలు లెక్కపెట్టి విదిలించి తియ్యాలి. మనిషి వచ్చి కూర్చున్నాకే ముంచాలి. ముందే చేసి పెడితే పులుసంతా అవే తాగేస్తాయి.

మధ్యలో ఒక శుక్రవారం ఆ అమ్మాయి నన్ను బాన్ హావ్ మసీదు దగ్గర సంతకి తీసుకెళ్ళింది. శుక్రవారం పొద్దున మాత్రమే ఉంటుంది, తా ఫే రోడ్డుకి దగ్గరే. యునాన్ నుంచి కంచర గాడిదల మీద సరుకులు వేసుకుని బర్మా కొండల గుండా ఇక్కడికి వర్తకానికొచ్చిన చైనా ముస్లింలని చిన్ హావ్ అంటారు, వాళ్ళలో కొందరు ఇక్కడే ఉండిపోయారు. ఖావ్ సోయ్ వాళ్ళతో వచ్చిన వంటే అంటారు, అందుకే పాత పద్ధతిలో కోడి గానీ గొడ్డు మాంసం గానీ ఉంటుంది, పంది ఉండదు. మసీదు సందులో ఇప్పటికీ హలాల్ ఖావ్ సోయ్ కొట్లున్నాయి. సోయ్ అంటే థాయ్‌లో సన్నగా తరగడం, పూర్వం పిండి పలకల్ని కత్తితో తరిగి నూడుల్స్ చేసేవారు కాబట్టి ఆ పేరు అని పా చెప్పారు. బర్మాలో నూడుల్స్‌ని ఖావ్ స్వే అంటారు. ఆ సంతలో నిలబడి ఈ రెండు మాటలూ పైకే అనుకుని చూశాను. మామ్మగారి కౌసే, పా ఖావ్ సోయ్. ఒక కొమ్మ రంగూన్ దాకా వెళ్ళి ఓడెక్కి మా వీధికొచ్చింది, ఇంకో కొమ్మ ఈ నది ఒడ్డున ఆగింది. సంతలో ఎండబెట్టిన చ కో కాయలు పావు కిలో కొన్నాను.

పా కొట్లో బుధవారం మాత్రం ఇంకోటి ఉంటుంది, ఖనోమ్ చీన్ నామ్ ఙియావ్. ఇది పులిసిన బియ్యప్పిండిని చిల్లుల గొట్టంలోంచి మరిగే నీళ్ళలోకి వత్తి చేసిన తెల్లటి సన్న నూడుల్స్, మన జంతికల గొట్టం పద్ధతే. దాని మీద టమాటా పులుపుతో పంది ఎముకల పులుసు, గడ్డకట్టిన రక్తం ముక్కలు. నేను పంది తినను, కాబట్టి రుచి చెప్పలేను. కానీ ఆ పులుసులో నల్లటి పీచులాంటి ముక్కలు తేలుతుంటే ఏమిటని అడిగాను. పా సంచిలోంచి ఎండినవి గుప్పెడు తీసి చూపించారు. బూరుగు పూల కేసరాలు! వేసవి ముందు ఆకులన్నీ రాల్చేసి ఎర్రటి పూలతో నిలబడే ముళ్ళ బూరుగు, సింహాచలం కొండ మీద చూసిన చెట్టు. దాని దూదితో తలగడలు కుట్టుకున్నాం తప్ప పువ్వుని వండుకోవచ్చని మాకెవరూ చెప్పలేదు.

శాకాహారుల కోసం ఒక్క మాట. మామూలు కొట్లలో "మాంసం ముక్కలు వద్దు" అంటే ముక్కలు తీసేస్తారు, పులుసు కోడి ఎముకలదే ఉంటుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో చే అని రాసి ఉన్న కొట్లు వెతుక్కోండి. అక్కడ మాంసం, గుడ్డు, చేప సాస్ ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు. అందువల్ల రుచి వేరే ఉంటుంది, కానీ నిశ్చింతగా తినొచ్చు. పా దగ్గర గొడ్డు మాంసం డేగిసా వేరు, గరిటె వేరు. నేను అడక్కముందే చూపించారు. ఖావ్ సోయ్ గాయ్ అంటే కోడిది, ఖావ్ సోయ్ నువా అంటే గొడ్డు మాంసంది, ఈ రెండు మాటలు వస్తే చాలు. మధ్యాహ్నం రెండు దాటాక మాత్రం వెళ్ళకండి, చిన్న కొట్లలో డేగిసా ఖాళీ అయిపోతుంది.

ఏడో ఆదివారం పా కుంపటి దగ్గరికి రాలేదు. ఆవకూర తరుగుతూ కూర్చున్నారు. కొబ్బరి విరగడం దగ్గర్నించి అన్నీ నేనే చేశాను. పదకొండింటికి ఆవిడ లేచొచ్చి గరిటెతో కొంచెం చేతిలో వేసుకుని నాకారు. సగం గరిటె తోక పాలు పోశారు, కలిపారు, మూత పెట్టారు. అంతే. నాకు టెన్షన్, బాగుందో లేదో చెప్పరేం అని.

మొదటి గిన్నె ఒక పెద్దాయనకి వెళ్ళింది, రోజూ వచ్చే మనిషి, ఎర్ర సాంగ్ తేవ్ బండి, అంటే ఇక్కడి షేర్ టాక్సీ, నడుపుతాడు. నేను పొయ్యి వెనకాల నిలబడి చూస్తున్నాను. నిమ్మకాయ పిండుకున్నాడు, ఆవకూర వంచుకున్నాడు, కారం వేసుకున్నాడు, తల దించుకుని మొదలుపెట్టి మళ్ళీ ఎత్తలేదు. గిన్నె రెండు చేతులతో ఎత్తి అడుగు పులుసు తాగి, 50 బాత్ బల్ల మీద పెట్టి, పా వైపు చూసి "లామ్" అని వెళ్ళిపోయాడు. ఉత్తరాది మాటలో రుచిగా ఉందని. పా నా వైపు తిరిగి, "నూ, ఇంకో ఎనిమిది గిన్నెలు పెట్టు" అన్నారు.

ఆ సాయంత్రం నా గిన్నె ఫోటో విశాఖలో మామ్మగారి కూతురికి పంపాను. పిన్నికి ఇప్పుడు డెబ్బై దాటాయి. వెంటనే ఫోన్ చేసింది.

"గుడ్డు ఏదే? శనగపిండి వెయ్యలేదా?"

"ఇది కౌసే కాదు పిన్నీ, ఇక్కడ ఇలాగే చేస్తారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పక్కన ఆకుపచ్చగా ఉన్నదేంటి?" అంది. ఆవకూర, ఉప్పు నీళ్ళలో ఊరబెట్టిందని చెప్పాను. "మా అమ్మ రంగూన్‌లో ఉన్నప్పుడు పెట్టేదట అది. ఇక్కడికొచ్చాక ఆ ఆకు దొరక్క మానేశానని చెప్పేది. ఎన్ని రోజులు ఊరాలో మీ పెద్దమ్మని అడిగి చెప్పు, రాసుకుంటాను," అంది.